గుర్రం కొనే ముందు దాని జబ్బుకు డబ్బు ఉందా?

ప్రశ్న: సార్, మాది కర్నూలు. మావారి సెల్‌ఫోన్ రిపేరు షాపు మీద నెలకు 38,000 దాకా వస్తుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 14,000. అద్దె, ఫీజులు, సరుకులు అన్నీ కలిపి ఇంటి ఖర్చు 36,000. రెండేళ్ల కిందట రెండు లక్షల చీటీని 1,40,000కు పాడి ఎత్తి, పెళ్లి ఊరేగింపుల కోసం మార్వాడీ ఆడగుర్రాన్ని కొన్నాం. చీటీ ఇంకా 14 నెలలుంది, నెలకు 5,000 కట్టాలి. పోయినేడు బెంగళూరు నుంచి, రేసులు మానేసిన తొమ్మిదేళ్ల గుర్రాన్ని 30,000కు తెచ్చాం. దానికి బ్యాండు చప్పుడు పడదు, మా పన్నెండేళ్ల బాబు ఎక్కుతాడు. రెండింటి మేతకు నెలకు 12,000, చూసుకునే మనిషికి 8,000, లాడాలకూ మందులకూ 2,000 అయ్యేది. ఏడాదికి 45 ఊరేగింపులు దొరికేవి, ఒక్కోదానికి 6,000. పోయిన నెల ఆడగుర్రం కడుపునొప్పితో రెండు రోజులు విలవిల్లాడి చనిపోయింది. వైద్యానికి 50,000 మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. బాబు అప్పట్నుంచి కొట్టం వైపు వెళ్లడం లేదు. ఉగాది తర్వాత పెళ్లిళ్లు మొదలయ్యేలోగా నా ఎనిమిది తులాల బంగారం కుదువపెట్టి, రెండు లక్షలతో ఇంకో గుర్రం కొందామంటున్నారు మావారు. ఆరు పెళ్లిళ్లకు 2,000 చొప్పున అడ్వాన్సు కూడా తీసుకున్నారు. గోల్డ్ లోన్ మంచిదా, పర్సనల్ లోన్ మంచిదా?

జవాబు: అమ్మా, రెండూ వద్దు. ఈ ఏడాది గుర్రం కొనొద్దు.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రాత్రి పదింటికి గుర్రం నేల మీద పడి దొర్లడం మొదలుపెడితే, మీవారు డబ్బు కోసం తిరిగి తిరిగి మర్నాడు మధ్యాహ్నానికి డాక్టర్ని తెచ్చారని రాశారు. గుర్రానికి వాంతి చేసుకునే వీలు ఉండదు. లోపలికి పోయింది పులిసి గ్యాసు పట్టినా, పేగు మెలిపడినా బయటికి దారి లేదు. పెళ్లివాళ్లు ముద్దు చేసి పెట్టిన అన్నం, లడ్డూలే కారణమని డాక్టరు అనుమానించారన్నారు, అది నిజమే కావచ్చు. ముందే చూపిస్తే బతికేదని నేను అనను. పేగు మెలిపడితే పెద్ద ఆసుపత్రికి చేర్చినా దక్కడం కష్టం. కానీ ఆ రాత్రంతా పోయింది డబ్బు లేకపోవడం వల్ల. నలభై వేలు విడిగా ఖాతాలో ఉంటే పదకొండు గంటలకే డాక్టరు కొట్టంలో ఉండేవారు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ఇందుకే. ఆవులు, గేదెలు, గుర్రాలు పెట్టుకున్న ఇళ్లలో నేను పదేపదే చూస్తున్న తప్పు ఇదే. కొనడానికి ఎక్కడెక్కడినుంచో డబ్బు తెస్తారు, కొన్నాక దాని పేరు మీద పైసా పక్కన పెట్టరు.

‘గుర్రం తన ఖర్చు తానే సంపాదించుకుంటుంది’ అని మీవారు అంటున్నారట. మీరు ఇచ్చిన అంకెలే తీసుకుందాం. 45 ఊరేగింపులకు 2,70,000. ఒక్కోదానికి వ్యాను బాడుగ 1,000 తీసేస్తే 2,25,000. రెండు గుర్రాల ఖర్చు నెలకు 22,000 చొప్పున ఏడాదికి 2,64,000. అంటే ఏ జబ్బూ రాని మంచి ఏడాదిలోనే 39,000 మీ ఇంటి డబ్బు పోతోంది. ఇందులో చీటీ లేదు, పాటలో వదులుకున్న 60,000 లేదు. పైగా ఏటా 45 దొరుకుతాయని ఎవరు చెప్పారు? ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఉత్త నెలలు. రంజాన్ నెలలో, మొహర్రంలో ముస్లింల పెళ్లిళ్లూ ఆగుతాయి. 2024లో గురు, శుక్ర మూఢాలు వచ్చి మే, జూన్ నెలల్లో అసలు ముహూర్తాలే లేవు. ముహూర్తం ఉన్నా లేకపోయినా గుర్రం రోజూ మేయాలి. కుదువపెట్టిన నగకు కూడా ముహూర్తాలతో పని లేదు, వడ్డీ పడుతూనే ఉంటుంది.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. ఆదాయం 52,000. ఇంటికి 36,000, చీటీకి 5,000, వడ్డీకి 1,500, మిగిలిన గుర్రం మేతకూ లాడాలకూ 7,000, మనిషికి 8,000. మొత్తం 57,500. నెలకు 5,500 తక్కువ పడుతోంది. ఈ స్థితిలో ఇంకో రెండు లక్షల అప్పా? ఆ గుర్రానికి కూడా ఒక రాత్రి ఇలాగే అయితే మీ బంగారం వేలానికి పోతుంది, అప్పుడు పిల్లల ఫీజులకు ఆధారమే ఉండదు. మొదటి అప్పు తీరకుండానే ఇంకోటి ఎత్తుకోవడం ఏం ధైర్యమో నాకు అర్థం కాదు. ఎంత సౌమ్యంగా చెబుదామన్నా చేత కావడం లేదు.

బంగారాన్ని ఒక్క పనికి వాడండి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి వందకు 36. 50,000కు సరిపడా నగ మాత్రమే బ్యాంకులో పెట్టి, ఆ అప్పును ఈ వారమే తీర్చేయండి. నెల వడ్డీ 1,500 నుంచి 400 పైచిలుకుకు దిగుతుంది. మిగతా నగ బీరువాలోనే ఉండాలి. ఒక్క గుర్రానికి జీతం ఇచ్చి మనిషిని పెట్టుకోవడం ఇప్పుడు మీ వల్ల కాదు. అతనికి వేరే చోట పని చూపించి, పొద్దున సాయంత్రం మీవారు, బాబు చూసుకోవాలి. బాబును మళ్లీ కొట్టం వైపు నడిపించడానికి కూడా అదే దారి అని నాకు అనిపిస్తోంది. బతికున్న గుర్రానికీ తోడు పోయింది, అది కూడా దిగులుపడుతుంది.

ఇవి చేస్తే నెలకు 3,500 మిగులుతుంది. అది మొత్తం గుర్రం నిధికే. వేరే ఖాతా తెరవండి. మీ పేరు మీద ఉండాలి, మీవారి షాపు ఖాతాకు దాంతో సంబంధం ఉండకూడదు. మూడు నెలల మేతకు 21,000, ఒక పెద్ద జబ్బుకు 40,000, అంటే 60,000 దాకా లక్ష్యం. చీటీ అయ్యేనాటికి 49,000 ఉంటుంది, ఆ 5,000 కూడా కలిస్తే ఇంకో రెండు నెలల్లో నిండుతుంది. ఈలోగా గోల్డ్ లోన్‌కు ఏటా వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ, నిధి నిండాక అసలు తీర్చండి. ఆ తర్వాత మొత్తం మిగులు ఇంటి అత్యవసర నిధికి, కనీసం ఆరు నెలల ఖర్చు చేరేదాకా. ఊరేగింపు జీను, జరీ గుడ్డలు, గజ్జెల సామాను ఉన్నాయన్నారు కదా, అవి అమ్మితే వచ్చిన డబ్బుతో నిధి మొదలుపెట్టండి. మనసు ఒప్పుకోదని తెలుసు. దాని కళ్లెం ఒక్కటి బాబు కోసం ఉంచుకోండి.

పశువుల బీమా గుర్రాలకూ ఉంది. జాతీయ పశుసంపద మిషన్ కింద దొరికితే ప్రీమియంలో మీ వాటా 15 శాతమే. తీసుకోండి, కానీ అది చనిపోతే ఇచ్చే డబ్బు, ఆ రాత్రి డాక్టరుకు ఇచ్చే డబ్బు కాదు. దానికంటే ముందు ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా ఉందో లేదో చూసుకోండి, పిల్లవాడు గుర్రమెక్కుతున్నాడు.

జొన్న కోతలయ్యాయి కాబట్టి చొప్ప ఇప్పుడే కొని వామి వేసుకోండి. ఎండాకాలం ముదిరాక మన జిల్లాల్లో మేత ధర ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొట్టం గోడ మీద 1962 అని పెద్దగా రాయండి, పశువుల అంబులెన్సు నంబరు.

నిధి నిండాక కూడా ఇంకో గుర్రం కావాలనిపిస్తే, అప్పుడు మాట్లాడుకుందాం. అప్పుడైనా సంతలో బేరం కుదిరింది కదా అని గ్లాండర్స్ అనే అంటుజబ్బు లేదని తేల్చే రక్తపరీక్ష లేకుండా తేవద్దు. ఆ జబ్బు తేలితే చట్ట ప్రకారం గుర్రాన్ని చంపేయాల్సిందే. ప్రభుత్వ పరిహారం మీరు పెట్టిన ధరకు దరిదాపుల్లో కూడా ఉండదు. పైగా ఆ జబ్బు మనుషులకూ అంటుకుంటుంది.

మిగిలిన గుర్రానికి తొమ్మిదేళ్లే. సరిగ్గా చూసుకుంటే ఇంకో పదిహేనేళ్లు పైనే బతుకుతుంది, మీ బాబు చదువు అయిపోయి ఉద్యోగంలో చేరాక కూడా దానికి మేత పెట్టాలి. అంత కాలం భరించలేమనుకుంటే, పొలమూ నీళ్లూ ఉండి గుర్రాల అలవాటున్న మనిషిని ఇప్పుడే వెతకండి. బాబుకు ముందే చెప్పండి. డబ్బు పూర్తిగా కరువయ్యాక ఎవరు ముందొస్తే వాళ్లకు తోలేయడం మాత్రం వద్దు, అది ఎక్కడికి చేరుతుందో మీకు తెలియదు.

అడ్వాన్సు ఇచ్చిన ఆరుగురికీ మీవారు ఈ వారమే ఫోన్ చేయాలి. ఊళ్లో గుర్రాలున్న వాళ్లతో మాట్లాడి ఆ పెళ్లిళ్లు వాళ్లకు అప్పగించవచ్చు, కుదరకపోతే 12,000 తిరిగి ఇచ్చేయాలి. సామాను అమ్మిన డబ్బులో మొదటి ఖర్చు అదే.