టెక్ సందేహాలు: విమానంలో గంటసేపు ఎగిరితే కణతలు నొప్పి, హెడ్‌సెట్ మార్చాలా?

ప్రశ్న: సెస్నా 172 అనే చిన్న విమానంలో ఫ్లయింగ్ నేర్చుకుంటున్నాను. క్లబ్ హెడ్‌సెట్ పెట్టుకుని గంట దాటితే కణతలు నొప్పి పుడుతున్నాయి. కళ్లజోడు కూడా ఉంది. పాటలకు వాడే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చా? మధ్యాహ్నాలు మ్యాప్ కోసం పెట్టుకున్న ఐప్యాడ్ వేడెక్కి ఆగిపోతోంది, ఏం చేయాలి?
- ఒక స్టూడెంట్ పైలట్, హైదరాబాద్

జవాబు: పాటల హెడ్‌ఫోన్ వద్దు. దానికి నోటి దగ్గరికి వచ్చే మైక్ ఉండదు, విమానంలోని రెండు జాక్‌లకు దాని ప్లగ్ సరిపోదు. కంట్రోల్ టవర్‌తో మాట్లాడటం ముఖ్యం కదా.

మీ నొప్పికి కళ్లజోడు కాడలే కారణమని నా అనుమానం. మందపాటి కాడను ఇయర్ కప్ కణతకేసి నొక్కుతుంది. పైగా ఆ సందులోంచి శబ్దం లోపలికి దూరుతుంది, దాంతో మీరు వాల్యూమ్ పెంచుతారు. ముందు సన్నటి, తిన్నని కాడలున్న ఫ్రేమ్ వేసుకుని చూడండి. క్లబ్ ఒప్పుకుంటే ఇయర్ కప్ అంచు మెత్తలు తీసేసి జెల్ ఇయర్ సీల్స్ (జెల్ నింపిన మెత్తలు) వేయించండి. ఖర్చు తక్కువ, తేడా బాగా తెలుస్తుంది.

అప్పటికీ తగ్గకపోతే ఏఎన్ఆర్ (యాక్టివ్ నాయిస్ రిడక్షన్, అంటే మోతను ఎలక్ట్రానిక్ పద్ధతిలో తగ్గించే) ఏవియేషన్ హెడ్‌సెట్ గురించి ఆలోచించండి. రెండు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 2400 చుట్లు తిరిగితే సెకనుకు 80 సార్లు గాలిని కొడుతుంది. ఆ లోతైన మోతను మామూలు ఫోమ్ అంతగా ఆపలేదు. ఏఎన్ఆర్ కప్‌లోని చిన్న మైక్ దాన్ని విని, సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి అణచేస్తుంది. అలసట తగ్గేది ఇక్కడే. ఇది ఖరీదైన వస్తువే, కానీ చెవి ఒకసారి దెబ్బతింటే తిరిగి రాదు, కాబట్టి డబ్బు ఉంటే దీనికే పెట్టమంటాను. కొనే ముందు అరువు తెచ్చుకుని, మీ కళ్లజోడుతోనే ఒక పూర్తి సార్టీ (ఎగిరి దిగేదాకా ఒక విడత) ఎగిరి చూడండి. బ్యాటరీ అయిపోయినా మాటలు వినపడతాయో లేదో స్విచ్ ఆపి పరీక్షించండి.

ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాడాలని ఆపిల్ చెబుతోంది. మన ఎండల్లో, అద్దం కింద కాక్‌పిట్ ఆ హద్దు ఇట్టే దాటేస్తుంది. కవర్ తీసేయండి, ఎండ తగలనిచోట బిగించండి, ఎగిరేటప్పుడు ఛార్జింగ్ ఆపండి. కాగితం మ్యాప్ మాత్రం ఒడిలో ఉండాల్సిందే.

చలువ కళ్లద్దాలు కొంటుంటే పోలరైజ్డ్ వద్దు. వాటితో చూస్తే కొన్ని ఎల్‌సీడీ తెరలు నల్లగా కనిపిస్తాయి.

నీళ్లు తక్కువ తాగినా తలనొప్పి వస్తుంది, సీసా దగ్గర పెట్టుకోండి. నొప్పి మాత్ర వేసుకుని ఎగరాలనుకుంటే ముందు మీ ఏవియేషన్ డాక్టర్‌ను అడగండి.