తటస్థుడు ఎక్కడ నిలబడ్డాడు?

సందేహం: ఐక్యరాజ్యసమితిలో యుద్ధం మీద ఓటింగ్ జరిగినప్పుడల్లా ఒక పేపర్ ‘భారత్ తటస్థం’ అంటుంది, ఇంకొకటి ‘భారత్ గైర్హాజరు’ అంటుంది, మరొకటి ‘ఓటింగ్‌కు దూరంగా భారత్’ అంటుంది. మూడూ ఒకటేనా? గ్రూప్స్‌కు చదువుతున్నాను. మోడల్ పేపర్‌లో ఈ మూడింటినీ ఆప్షన్లుగా ఇచ్చారు. ఏది పెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు

సమాధానం: అమ్మా, మూడూ ఒకటి కావు. మూడింటినీ ఒకే గాటన కట్టిన ఆ పేపర్ తయారుచేసిన వారెవరో గానీ, వాళ్లకు కూడా ఈ టెన్షన్ కాస్త ఉండి ఉంటే బాగుండేది.

ముందు ‘గైర్హాజరు’ సంగతి తేల్చేస్తాను. అరబ్బీలో ‘గైర్’ అంటే కానిది, ‘హాజిర్’ అంటే ఎదుట ఉన్నది. ఉర్దూ నడిచిన సర్కారు కచేరీల మీదుగా మన బడి రిజిస్టర్లలోకి వచ్చింది. పిల్లవాడు బెంచీ మీద కూర్చుని, అయ్యవారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకపోతే రిజిస్టర్లో గైర్హాజరు వేస్తారా? ఉక్రెయిన్ యుద్ధం మీద 2022 మార్చి 2న సర్వసభ్యసభలో జరిగిన ఓటింగే చూడు. మొత్తం 193 దేశాల్లో తీర్మానానికి 141 అనుకూలం, 5 వ్యతిరేకం. భారత్, చైనాతో కలిపి 35 దేశాలు ఎటూ చెప్పలేదు. కూడి చూస్తే ఇంకా 12 దేశాలు మిగులుతాయి. అవి ఓటింగులోనే లేవు. గైర్హాజరు అనాలంటే ఆ 12 దేశాలను అనాలి. మన ప్రతినిధి కుర్చీలోనే ఉన్నాడు, మీట కూడా నొక్కాడు. అక్కడి బోర్డు మీద అనుకూలానికి పచ్చ, వ్యతిరేకానికి ఎరుపు, ఎటూ కాకపోతే పసుపు. పసుపు రంగు వెలిగించి వచ్చినవాడిని ‘రాలేదు’ అని రాస్తే ఎట్లా?

పోనీ, తేడా పేరులోనే గదా అనుకుంటావేమో. 1950లో సోవియట్ యూనియన్ భద్రతామండలికి నిజంగానే గైర్హాజరైంది. చైనా కుర్చీలో తైవాన్ ప్రభుత్వాన్ని కూర్చోబెట్టారని జనవరిలో అలిగి పోయి, మళ్లీ ఆగస్టులో గానీ రాలేదు. ఆ మధ్యలో, జూన్‌లో, కొరియా యుద్ధం మొదలైంది. వీటో వేసేవాడు గదిలో లేడు. దక్షిణ కొరియాకు సాయం చేయండన్న తీర్మానం జూన్ 27న నెగ్గిపోయింది. గదిలో ఉండి వద్దనడం వేరు, గదిలో ఉండి ఊరుకోవడం వేరు, గదికే రాకపోవడం వేరు. ఈ మూడింటికీ మూడు మాటలు లేకపోతే చరిత్ర చదవడం కష్టం.

ఇక ‘తటస్థం’. నువ్వు అడిగింది ఒకటైతే నేను చెప్పబోయేది ఇంకొకటని మీ ఇంట్లో పెద్దవాళ్లు నవ్వుకుంటారేమో, నవ్వుకోనీ. తటం అంటే ఒడ్డు. తటస్థుడంటే ఒడ్డున నిలబడ్డవాడు. అంతకు మించి ఆ మాటలో శాంతీ లేదు, న్యాయమూ లేదు. నువ్వు పెన్న పక్కన ఉన్నదానివి కాబట్టి సులభంగా అర్థమవుతుంది. నా చిన్నప్పుడు ఒకసారి ఏటి ఇసుకలో ఎద్దులబండి దిగబడింది. ఎగువన వాన పడిందేమో, చూస్తుండగానే చక్రం ఇరుసు దాకా నీళ్లొచ్చాయి. ఒడ్డున ముప్పై మంది. “కాడి తీసేయ్!”, “ఎనక్కు తోలు!”, “తోలాకు, నిలుపు!” ఒక్కొక్కరిది ఒక్కో తీర్మానం. తువ్వాలు తలకు చుట్టుకుని నీళ్లలోకి దిగినవాడు మాత్రం ఒక్కడే. అతను ఏమీ మాట్లాడలేదు. పలుపులు విప్పి ఎద్దులను ఇవతలికి తోలుకొచ్చాడు. బండి పోయింది.

తటస్థులంటే నాకు ఆ ముప్పై మందే గుర్తొస్తారు. వాళ్లకు బండివాడి మీద పగేమీ లేదు, పాపం.

ఇప్పుడు తిక్కన దగ్గరికి వస్తాను. రాకుండా ఉండలేను. ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారిగా కౌరవసభకు వచ్చి, పెద్దలందరి ముందు చెప్పిన పద్యం:

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్యశుభదాయక మయ్యును దైవ ముండెడున్

అందరికీ నోటికొచ్చిన పద్యమే. మన జిల్లా పల్లెల్లో రాయబారం నాటకం ఆడినన్నాళ్లూ పద్యానికి వన్స్‌మోర్ అన్నవాళ్లే గానీ, రాయబారం ఫలిస్తే బాగుండునని అన్నవాళ్లు నాకు తగల్లేదు. సరే, అది వేరే గొడవ. ఇందులో ‘పారము’ అంటే అవతలి ఒడ్డు. ధర్మం, సత్యం ఒడ్డు చేరలేక కొట్టుకుపోతున్నాయి. ‘నిస్తారకం’ అంటే దాటించేది. దేవుడు వాటిని ఎట్లాగూ దాటిస్తాడు. అంటే పద్యం నిండా ఒక నది పారుతోంది. ఆ నది ఒడ్డున ఉన్నవాళ్లెవరు? ‘దక్షులు’, అంటే సమర్థులు, ఈ నదికైతే ఈత వచ్చినవాళ్లు. వాళ్లేం చేశారు? ‘ఉపేక్ష’. ఉప అంటే దగ్గర, ఈక్ష అంటే చూడటం. దగ్గరుండి చూశారు. ఇప్పుడు మనం ఉపేక్షను ‘పట్టించుకోకపోవడం’గా వాడుతున్నాం. తప్పు కాదు, కానీ పదును పోయింది. పట్టించుకోనివాడు ముఖం తిప్పుకుంటాడు. ఉపేక్షించేవాడు కళ్లారా చూస్తూనే ఉంటాడు.

సంస్కృతంలో వ్యాసుడు ఇదే చోట ‘హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః’ అన్నాడు. చూస్తూ ఉండగా ధర్మాన్ని చంపితే, చచ్చినవాళ్లు ఆ సభలోని వాళ్లేనని. తిక్కన చంపడాన్ని తీసేసి మునగడం పెట్టాడు. ఆ నది ఎక్కడి నుంచి వచ్చిందా అని చాన్నాళ్లు వెతుక్కున్నాను. మూలంలో ఆ వెంటనే ఒక పోలిక ఉంది. ఊరుకున్న సభాసదులను ధర్మం పెళ్లగిస్తుందట, ‘నది తన ఒడ్డున పెరిగిన చెట్లను పెళ్లగించినట్లు’. చూశావా, ఒడ్డున ఉన్న చెట్లు! తటస్థులు! తిక్కన ఆ నదినే తెచ్చి తన పద్యంలోకి మళ్లించాడని నా ఊహ. ఆయన నెల్లూరు రాజు మనుమసిద్ధికి మంత్రి. రాజ్యం పోయిన ప్రభువు కోసం ఓరుగల్లు గణపతిదేవుడి దగ్గరికి సాయం అడగడానికి వెళ్లాడని ప్రతీతి. సభలో నిలబడి అడగడమంటే ఏమిటో తెలిసినవాడు రాసిన పద్యమిది.

ఇంకో సంగతి కూడా గమనించు. అక్కడ రాయబారి సామాన్యుడు కాదు. కౌటిల్యుడు దూతలను మూడు తరగతులు చేశాడు: పూర్తి అధికారం ఉన్న నిసృష్టార్థుడు, హద్దు గీసి పంపిన పరిమితార్థుడు, ఉత్తరం మోసే శాసనహరుడు. కృష్ణుడు మొదటి తరగతి. చివరికి ఐదూళ్లకు దిగివచ్చాడు. అయినా కుదరలేదంటే లోపం దౌత్యంలో లేదు, సభలో ఉంది. భీష్ముడు, ద్రోణుడు మంచిమాటలు చెప్పారు, ఎటు కూర్చున్నవాళ్లు అటే కూర్చున్నారు. ‘తీవ్రంగా ఖండించారు’ అని ఇప్పటి పేపర్లు రాసేది ఇలాంటి వాటినే. ఖండించారంటారు, ఏమీ తెగదు. భద్రతామండలిలో దక్షులు, అంటే వీటో ఉన్నవాళ్లు, ఐదుగురు. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ యుద్ధం మీదే అక్కడ ఓటు పెడితే 11 అనుకూలం, రష్యా ఒక్కటే వ్యతిరేకం. భారత్, చైనా, యూఏఈ ఎటూ చెప్పలేదు. ఆ ఒక్కటీ వీటో కావడంతో తీర్మానం వీగింది. యుద్ధం చేస్తున్నవాడి చేతికే తీర్పు మీద తాళం ఇచ్చారు, ఇక ఏ రాయబారి ఏం చేయగలడు?

భారతంలో అసలైన గైర్హాజరు బలరాముడు. యుద్ధమని తెలియగానే తీర్థయాత్రకు పోయాడు. అదీ సరస్వతీ నది వెంబడి! అక్షరాలా తటస్థుడన్నమాట. 42 రోజులు తిరిగి, ఆఖరి రోజుకు వచ్చి, భీముడు తొడ విరగ్గొట్టడం చూసి, అధర్మమని నాగలి ఎత్తాడు.

అలీనం వేరే మాట, దేనిలోనూ లీనం కానిది. దాన్ని తటస్థంతో కలపొద్దు. ‘తటస్థించు’ అంటే తెలుగులో సంభవించడం. ‘ఆపద తటస్థించింది’ అంటాం కదా, అదీ.

ఇంతకీ ఏది రాయాలంటావు. ‘దూరంగా’ అన్నదీ నాకు నచ్చదు, మీట చేతికి అందేంత దగ్గర్లో ఉన్నవాడు దూరమెట్లా అవుతాడు? మన సీమ మాటలో అయితే ‘గమ్మునుండె’ అంటే సరిపోతుంది, కానీ ఏ పేపరూ అచ్చెయ్యదు. పైగా పసుపు మీట నొక్కడం పూర్తిగా గమ్మునుండటం కూడా కాదు. ఎందుకు నొక్కామో లేచి వివరణ ఇస్తారు, ఆ వివరణ ఒక్కోసారి ఓటు కంటే గట్టిగా ఉంటుంది. మన దేశం చేసింది తప్పా ఒప్పా అన్నది నా జాబుకు అందేది కాదు. ‘ఎటూ ఓటు వేయలేదు’ అని విడమరచి రాయడం ఉత్తమం. ఒక్క మాటే కావాలంటే, ఇన్ని తిట్టాక కూడా, ‘తటస్థం’ దగ్గరే ఆగుతాను, అదైనా నిలబడ్డ చోటును చెబుతుంది కాబట్టి. పరీక్షలో మాత్రం తిక్కనను తలుచుకోకుండా తటస్థం పెట్టేసి రా, మార్కు పోగొట్టుకోవద్దు.

‘ఓటింగ్’ అనాలా ‘ఓటింగు’ అనాలా అని అదే కార్డులో కింద చిన్న అక్షరాలతో అడిగావు. నేనే రెండు రకాలుగానూ రాసేశాను పైన. వచ్చేసారి చూద్దాం.