మదీరానా, టెనరీఫా? అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

అక్టోబర్ సెలవులకి మదీరా వెళ్లాలా, టెనరీఫ్ వెళ్లాలా తేల్చి చెప్పమన్నావు. ఫోన్లో చెబితే పిల్లల గోలలో సగం వినపడదు కాబట్టి రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఈసారి మీతో వచ్చే పిల్లలకీ, మీ అత్తమామలకీ అయితే టెనరీఫ్. అదీ దక్షిణం వైపు. నాకు మదీరా అంటేనే ఎక్కువ ఇష్టం, అది వేరే సంగతి.

రెండూ అట్లాంటిక్‌లో, ఆఫ్రికాకి పడమరగా, అగ్నిపర్వతాలు కక్కిన రాతితో లేచిన దీవులే. మదీరా పోర్చుగల్‌ది, టెనరీఫ్ స్పెయిన్‌ది. ఇంగ్లండ్ నుంచి రెండూ అటూ ఇటుగా నాలుగు గంటల ప్రయాణం. రెండు చోట్లా గడియారం బ్రిటన్ టైమే చూపిస్తుంది, చిన్నదాని నిద్ర చెడదు. సముద్రపు ఒడ్డున చలికాలం అన్నది రెండింట్లోనూ పేరుకే. ఇంతవరకు చూస్తే ఏదైనా ఒకటే కదా అనిపిస్తుంది. అందుకే అందరూ ఫొటోలు చూసి ఎంచుకుంటారు. ఫొటోల్లో మదీరాయే గెలుస్తుంది, అనుమానం లేదు.

ఫొటోలో కనపడనిది ఆ ఊరి వాలు. మదీరా మొత్తం కలిపి 740 చదరపు కిలోమీటర్లు. అంత చిన్న దీవి మధ్యలో 1,862 మీటర్ల పీకో రుయివో శిఖరం లేచి ఉంటే ఇక చదునైన నేల ఎక్కడ మిగులుతుంది? విమానాశ్రయానికే చోటు చాలక, 2000లో రన్‌వేని పొడిగించినప్పుడు కొంత భాగాన్ని సముద్రం ఒడ్డున స్తంభాలు లేపి వాటి మీద కట్టారు. రాజధాని ఫుంషాల్‌లో హోటల్ వెతుకుతుంటే సముద్రానికి మూడు వందల మీటర్లే అని రాసుంటుంది. నిజమే. వెళ్లేటప్పుడు ఆ మూడు వందల మీటర్లూ కిందికే. తిరిగొచ్చేటప్పుడు అంతా పైకే. మీ అత్తగారి మోకాళ్లకి అది రోజూ జరిగే పరీక్ష. ఆవిడ రెండో రోజు నుంచి "మీరెళ్లి రండమ్మా, నేను గదిలో ఉంటా" అంటారు, నీకు మనసు ఒప్పదు, అల్లుడు ముఖం ముడుచుకుంటాడు. సెలవు అక్కడితో అయిపోయినట్టే.

ఇక మూడేళ్ల పిల్లకి కావాల్సింది బకెట్, పార, ఇసుక. మదీరా తీరం ఎక్కువగా గులకరాళ్లు. కల్యేటాలో పసుపు ఇసుక ఉందని చూపిస్తారు, అది మొరాకో నుంచి తెచ్చి పోసింది. అసలైన ఇసుక పక్కనున్న పోర్టో శాంటో దీవిలో తొమ్మిది కిలోమీటర్ల పొడవునా ఉంది కానీ, ఫెర్రీలో రెండు గంటలు దాటుతుంది. అట్లాంటిక్ అలల మీద రెండు గంటలంటే పిల్లలే కాదు, మీ పెదనాన్న కూడా కవర్ పట్టుకుని కూర్చున్నారు. పోర్టో మొనీష్‌లో లావా రాళ్ల మధ్య సముద్రపు నీళ్లు నిండే సహజమైన కొలనులు బాగుంటాయి, పెద్దాడికి నచ్చుతాయి. వాటికోసమే మదీరా ఎంచుకోనక్కర్లేదు.

అయినా మదీరాని పూర్తిగా కొట్టేయకు. మీ ఇద్దరూ ఎప్పుడైనా పిల్లల్ని మా దగ్గర వదిలి వెళ్లాలనుకుంటే అదే వెళ్లండి. అక్కడ లెవాడాలు అని సన్నటి కాలవలుంటాయి. వానలన్నీ దీవి ఉత్తరాన పడతాయి, పొలాలు దక్షిణాన ఉంటాయి. అందుకని పదిహేనో శతాబ్దం నుంచి కొండల అంచున రాయి తొలిచి నీళ్లని ఇటు మళ్లించారు. చెరకు తోటలతో మొదలై ఇప్పుడు అరటి తోటల దాకా అన్నీ ఆ నీళ్లే తాగుతున్నాయి. కాలవ బాగు చేసేవాళ్లు నడవడానికి వేసిన గట్టే ఇప్పుడు మనం నడిచే దారి. నీరు వాలుని బట్టి మెల్లగా పోతుంది కాబట్టి గట్టు కూడా దాదాపు చదునుగా ఉంటుంది. కొండ దీవిలో ఆయాసం లేకుండా గంటల తరబడి నడవగలిగే చోటు అదొక్కటే. పక్కన చేయి చాపితే తగిలేంత దగ్గర్లో పాత లారెల్ అడవి. దాన్ని యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కానీ చాలాచోట్ల గట్టు రెండడుగుల వెడల్పు కూడా ఉండదు, ఒక పక్క లోయ, కొన్ని చోట్ల టార్చి వేసుకుని సొరంగాల్లో వంగి నడవాలి. చెయ్యి విడిపించుకుని పరిగెత్తే పిల్లతో అక్కడికి వెళ్లమని నేను చెప్పను.

ఇప్పుడు టెనరీఫ్. ఏ దీవి అన్నది సగం ప్రశ్నే, దీవిలో ఏ వైపు అన్నది మిగతా సగం. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఈ రెండో దాని దగ్గరే. మధ్యలో టేయిదే అగ్నిపర్వతం ఉంది, 3,715 మీటర్లు, స్పెయిన్ మొత్తానికి ఎత్తైన శిఖరం. ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలు మోసుకొచ్చిన తేమంతా కొండకి ఉత్తరం వైపు మబ్బై ఆగిపోతుంది. పడమటి కనుమలు అడ్డొచ్చి మన అనంతపురం ఎలా ఎండిపోయిందో, కొండ అవతల టెనరీఫ్ దక్షిణం అలాగే ఎండగా, బోడిగా ఉంటుంది. చూడ్డానికి అందం తక్కువే. సెలవుకి మాత్రం అదే కావాలి. ఉత్తరాన పుయెర్టో డె లా క్రూస్‌లో పచ్చదనం ఎక్కువ, హోటళ్లు తక్కువ ధరకి కనిపిస్తాయి, అల్లుడు ఎక్సెల్ షీట్లో దాన్నే పైన పెట్టి ఉంటాడు. పెట్టనివ్వు, బుక్ మాత్రం చెయ్యనివ్వకు. వారం రోజుల్లో మూడు రోజులు మబ్బు కింద కూర్చోవడానికి ఇంగ్లండ్ చాలు.

విమానాశ్రయాలు కూడా రెండున్నాయి. టికెట్ మీద టీఎఫ్ఎస్ అని ఉంటే దక్షిణం, టీఎఫ్ఎన్ అంటే ఉత్తరం. నీకు కావాల్సింది మొదటిది.

ఊరు లాస్ క్రిస్టియానోస్ చూడు. సముద్రం పక్కనే ఫుట్‌పాత్ ఒకటి కోస్టా అదేహే దాకా కిలోమీటర్ల కొద్దీ దాదాపు చదునుగా వెళుతుంది. దారిపొడవునా కూర్చోడానికి చోటుంటుంది, చక్రాల కుర్చీల వాళ్లు కూడా హాయిగా తిరుగుతుంటారు. మీ అత్తగారు తనకి తోచినంత దూరం నడిచి, కాఫీ తాగి, ఎవరి సాయం లేకుండా ఇంటికొచ్చేస్తారు. ప్లాయా డె లాస్ విస్తాస్ బీచ్ అక్కడే. అలలు నెమ్మది, ఇసుక మెత్తన. ఆ ఇసుకా బయటినుంచి తెచ్చిందే లే, టెనరీఫ్ సొంత ఇసుక నల్లగా ఉంటుంది, మధ్యాహ్నం కాళ్లు కాలిపోతాయి. మధ్యలో వచ్చే ప్లాయా డె లాస్ అమెరికాస్ పేరు చూసి మోజుపడకు. రాత్రంతా బార్ల హోరు.

ఒక రోజు టేయిదే మీదికి. కారులోనే రెండు వేల మీటర్లు దాటి వెళ్లిపోవచ్చు, చుట్టూ ఎర్రటి, నల్లటి లావా బీడు, పెద్దాడికి చంద్రుడి మీద దిగినట్టు ఉంటుంది. అక్కణ్ణుంచి కేబుల్ కారు 3,555 మీటర్లకి తీసుకెళుతుంది. మీ మామగారికి గుండె స్టెంటు ఉంది కాబట్టి ఆయన ఎక్కకూడదు, ఎంత సరదా పడ్డా సరే. చిన్నది కూడా వద్దు. అందరికీ స్వెటర్లు పెట్టు, కింద ఎండగా ఉందని మోసపోయి టీషర్టుల్లో వణికేవాళ్లు రోజూ కనిపిస్తారు. మామగారికి నడక తీరలేదంటే ఇంకో రోజు ఈశాన్యాన ఉన్న అనాగా కొండలకి తీసుకెళ్లు. మదీరాలో ఉన్నలాంటి లారెల్ అడవే అక్కడా కాస్త మిగిలింది.

టెనరీఫ్‌కి ఉన్న లోపం కూడా చెప్పాలి. అప్పుడప్పుడు సహారా నుంచి దుమ్ము గాలి వస్తుంది, కలీమా అంటారు. రెండు మూడు రోజులు ఆకాశం గోధుమ రంగు, గొంతులో గరగర. అత్తగారి ఇన్‌హేలర్ చేతిసంచిలోనే ఉండాలి. మదీరా లోపం గాలి. ఆ రన్‌వే మీద అడ్డగాలి ఎక్కువైతే విమానం దిగదు, ఇంకో దీవికో లిస్బన్‌కో మళ్లిస్తారు. ఎప్పుడు వెళ్లినా తిరుగు టికెట్‌ స్కూల్ తెరిచే ముందురోజుకి మాత్రం తీసుకోకు.

తిండి గురించి బెంగ వద్దు. ఉప్పునీళ్లలో తొక్కతోనే ఉడికించిన చిన్న బంగాళాదుంపలకి ఎర్ర మోహో అని మిరప, వెల్లుల్లి, జీలకర్ర పచ్చడి ఇస్తారు. మీ మామగారు రెండోసారి అడుగుతారు. టెనరీఫ్ ఉన్న కెనరీ దీవుల్లో సింధీ వ్యాపారులు తరాల నుంచి స్థిరపడ్డారు, అందుకని ఇండియన్ హోటళ్లకీ, సరుకులకీ లోటుండదు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకో, చిన్న రైస్ కుక్కర్ పెట్టుకో. ఆవకాయ తీసుకెళ్లొచ్చు, కానీ నెయ్యి డబ్బా పెట్టకు. బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్ (ఈయూ)లోకి పాల పదార్థాలూ మాంసమూ తీసుకెళ్లనివ్వరు. పెరుగు అక్కడే కొనుక్కో.

అన్నిటికంటే తొందరపడాల్సింది వీసాకి. మీకు బ్రిటన్ వీసా ఉన్నా సరే, ఇండియన్ పాస్‌పోర్టులు కాబట్టి షెంజెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది, విడిగా కావాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చెయ్యాలి. టెనరీఫ్ అంటే స్పెయిన్, మదీరా అంటే పోర్చుగల్. దీవి తేలకుండా వీసా కదలదన్నమాట. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకి 45, ఆరేళ్లలోపు వాళ్లకి ఫీజు లేదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. మీ అత్తమామలది అసలు చిక్కు. వాళ్లు విజిటర్ వీసా మీద ఇక్కడికొచ్చాక ఇక్కణ్ణుంచి షెంజెన్ అడిగితే మామూలుగా తీసుకోరు, ఎక్కడ కాపురముంటే అక్కడే అప్లై చెయ్యమంటారు. జూన్‌లో బయల్దేరేలోపే హైదరాబాద్‌లో పని పూర్తయిపోవాలి. అక్టోబర్ చివరి వారం ప్రయాణానికి ఏప్రిల్ చివరి నుంచే అడగొచ్చు కాబట్టి ఆ తేదీకే అపాయింట్‌మెంట్ కోసం కూర్చో. వీసాలు చేతికొచ్చేదాకా డబ్బు వెనక్కి రాని బుకింగ్ ఏదీ చెయ్యకు. మీ నలుగురికీ జీహెచ్ఐసీ కార్డులు తీసుకో, బ్రిటన్‌లో ఉండేవాళ్లకి ఈయూ ప్రభుత్వాసుపత్రుల్లో వైద్యానికి పనికొచ్చే కార్డు అది, ఉచితం. అత్తమామలకి అది రాదు, స్టెంటు సంగతి దాచకుండా రాసి విడిగా ఇన్సూరెన్స్ కొను.

కారు తీసుకుంటే ఆటోమేటిక్ అడుగు. కుడివైపు నడపాలి, కొండ మలుపుల్లో గేర్లతో కుస్తీ ఎందుకు? చిన్నదాని సీటు ఇంటి నుంచే పట్టుకెళ్లు.

అపార్ట్‌మెంట్ల లింకులు పంపు. లిఫ్ట్ ఉందా, వీధి నుంచి లిఫ్ట్ దాకా మెట్లున్నాయా అని నేను చూసి చెబుతాను. అల్లుడి ఎక్సెల్ షీట్లో ఆ గడి ఉండదని నాకు తెలుసు.

పెద్దమ్మ