సింథటిక్ ఆయిల్‌కి పెట్టిన డబ్బు పెట్రోలులో తిరిగొస్తుందా? నా నోటుబుక్కు లెక్క ఇదీ

గుంటూరు నుంచి విజయవాడకి రోజూ కారులో వెళ్లొస్తున్నారు. ఫుల్లీ సింథటిక్ ఇంజిన్ ఆయిల్ పోయిస్తే లీటరుకి రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువిస్తుందని షాపతను చెప్పాడు. అదనంగా పెట్టే డబ్బు పెట్రోలులో తిరిగొస్తుందా అని మీ ప్రశ్న. నాలుగేళ్ల కింద ఇదే ప్రశ్న నాకూ వచ్చింది కాబట్టి చెప్తున్నాను: లాభం రాదండీ. మహా అయితే ఖర్చుకి ఖర్చు సరిపోతుంది. అదీ ఇన్నాళ్లూ మీ ఇంజిన్‌కి తగని ఆయిల్ పోయిస్తూ ఉండుంటేనే. అయినా నేను సింథటిక్కే వాడుతున్నాను, అది వేరే లెక్క.

నాదీ మీ దారే. అరండల్‌పేటలో ఇల్లు, బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు, పోనూ రానూ డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. బండి 1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. వారంటీ అయిపోయాక విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి రోజుల నుంచీ తెలిసిన మెకానిక్ దగ్గరికి మారాను. బాబాయ్ అంటాను ఆయన్ని. పనిమంతుడు, చెవితో విని ఏ సిలిండర్ కొట్టుకుంటోందో చెప్పేస్తాడు. కానీ ఆయన షెడ్డులో ఏ బండికైనా ఒకటే మందు, డ్రమ్ములోంచి తీసే 20డబ్ల్యూ-50 అనే చిక్కటి గ్రేడు. ‘మన ఎండలకి చిక్కటి ఆయిలే ఆగుద్ది రా అబ్బాయ్, నీళ్లలాంటిది పోస్తే ఇంజిన్ అరుసుద్ది’ అనేవాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో పుట్టినవాణ్ణి, ఆ మాట ఎందుకు నమ్మను? రెండేళ్లు అదే పోయించాను. ఒకరోజు ఇన్సూరెన్స్ కాగితాలు వెతుకుతుంటే డ్యాష్‌బోర్డు అరలో ఓనర్స్ మాన్యువల్ దొరికింది. అందులో ఉన్నది 5డబ్ల్యూ-30, అంటే అంతకన్నా పలచటి గ్రేడు.

వెంటనే మార్పించాను. మూడున్నర లీటర్లు, ఫుల్లీ సింథటిక్, 2,600 రూపాయలు. బాబాయ్ డ్రమ్ము ఆయిల్ అయితే 1,300. మైలేజి నోటుబుక్కులో రాసే అలవాటు నాకు ముందునుంచీ ఉంది: మంగళగిరి దగ్గర ఒకటే బంకు, ఒకటే పంపు, ఆటోకట్ అయ్యేదాకా (పంపు దానంతటదే ఆగేదాకా) ఫుల్ ట్యాంకు. పాత సగటు లీటరుకి 17.1 కిలోమీటర్లు. ఆయిల్ మార్చాక మొదటి ట్యాంకుకి 18.6 వచ్చింది. ఆ వారమంతా ఆఫీసులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను.

మా ఆవిడ మాత్రం ఆ పేజీ చూసి ‘ఆ రోజు షెడ్డులో ఇంకేం చేయించారండీ?’ అంది. ఏం చేయించానంటే, ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయించాను. 33 ఉండాల్సిన టైర్ల గాలి నాలుగింటిలోనూ 26కి పడిపోయి ఉంటే నింపించాను. పైగా అది జనవరి, ఏసీ వేసిందే తక్కువ. గాలి ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజి సుమారు 0.2 శాతం పడుతుందని అమెరికా ప్రభుత్వం వాళ్ల ఇంధన పొదుపు లెక్క. నా ఏడు పీఎస్ఐలకి 1.4 శాతం. గాలి ఉచితంగా కొట్టే బంకులో వచ్చిన లాభాన్ని 2,600 ఖాతాలో రాసేసుకున్నాను! తర్వాతి ట్యాంకులు 17.9, 17.2, 18.3. మే నెలలో వారధి మీద ట్రాఫిక్, ఏసీ నాలుగో నంబరు మీద: 16.3.

దాంతో పంతం పట్టింది. మరుసటి సర్వీసుకి అదే 5డబ్ల్యూ-30 గ్రేడులో సెమీ సింథటిక్ (మామూలు ఆయిల్, సింథటిక్ కలిపింది) పోయించాను, మిగతావేవీ ముట్టుకోకుండా, టైర్ల గాలి వారం వారం చూసుకుంటూ. ఆపై సర్వీసుకి మళ్లీ ఫుల్లీ సింథటిక్. ఒకే రకం వాతావరణంలో తలా ఆరు ట్యాంకులు పోల్చితే సగటు 17.6, 17.7. ఆ తేడాకి అర్థం లేదు. ఆటోకట్ ఒకసారి కాస్త ముందు, ఒకసారి కాస్త వెనక కొడుతుంది. ముప్పై లీటర్లు పట్టేచోట అర లీటరు తేడా వస్తే అక్కడే ఒకటిన్నర శాతం పైన పోయింది. ఒక శాతం లాభం ఉన్నా మన ట్యాంకు లెక్కకి దొరకదు. ఆయిల్ మార్చాక మైలేజి పెరిగింది అనేవాళ్లూ పెరగలేదు అనేవాళ్లూ ఎక్కువగా ఈ అర లీటరునే చూస్తున్నారు.

నాకు అర్థమైందేంటంటే మైలేజికి పట్టింపు గ్రేడుతో, ‘సింథటిక్’ అనే మాటతో కాదు. డబ్ల్యూ ముందు అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెప్తుంది, డబ్ల్యూ అంటే వింటరే. వెనక అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర 5డబ్ల్యూ-30 సుమారు 10, 11 సెంటీస్టోకులు (చిక్కదనానికి కొలత) ఉంటే, 20డబ్ల్యూ-50 17, 18 ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర మొదటిది 60, 70 మధ్య, రెండోది 150కి అటూ ఇటూ. చిక్కటి ఆయిల్‌ని తోడడానికీ, దాన్ని చిలుక్కుంటూ క్రాంక్ (ఇంజిన్ ఇరుసు) తిరగడానికీ పోయే శక్తి మన పెట్రోలులోంచే పోవాలి.

మరి మన ఎండల సంగతి? బయట 45 ఉన్నా 25 ఉన్నా ఇంజిన్ నీటిని థర్మోస్టాట్ 90 దగ్గర పట్టి ఉంచుతుంది. ఆయిల్ కూడా ఇంచుమించు అక్కడక్కడే తిరుగుతుంది. గుంటూరు మే నెలకీ, జనవరికీ వేడెక్కిన ఇంజిన్ లోపల మీరనుకునేంత తేడా ఉండదు. ఈ మాట బాబాయ్‌కి చెప్తే నవ్వి ఊరుకున్నాడు. అలాగని ఆయన మాట పూర్తిగా కొట్టెయ్యను, ఆయన చెయ్యి తిరిగింది పాత ఇంజిన్ల మీద. అరిగిపోయి ఆయిల్ తాగే పాత బండికి కాస్త చిక్కటిది పోస్తే నడిచిపోతుంది. కొత్త ఇంజిన్ బేరింగుల సందులు వేరు, ఆయిల్ పంపు వేరు.

ఇంకో సంగతి, చలిదేశాలవాళ్లు రాసింది చదివి 0డబ్ల్యూ కోసం వెతక్కండి. 5డబ్ల్యూ ఆయిల్‌ని పరీక్షించేదే మైనస్ 30 దగ్గర. మన సంక్రాంతి చలికి దాని అవసరమేముంది? మాన్యువల్‌లోనే 0డబ్ల్యూ-20 అనో 0డబ్ల్యూ-16 అనో ఉంటే మాత్రం అదే పోయించాలి, ఈమధ్య బండ్లకి అలాగే వస్తోంది.

ఇక డబ్బులు. కంపెనీ చెప్పిన గ్రేడు వాడితే ఒకటి నుంచి రెండు శాతం మైలేజి కలిసొస్తుందని పైన చెప్పిన అమెరికా లెక్కే అంటుంది. 10,000 కిలోమీటర్లకి, లీటరుకి 17 చొప్పున, 588 లీటర్లు. లీటరు 110 వేసుకుంటే 64,700 రూపాయలు. రెండు శాతం అంటే దాదాపు 1,300. రెండు ఆయిల్‌లనూ 10,000కి ఒకసారే మారుస్తామనుకుంటే, ఆయిల్‌కి నేను అదనంగా పెట్టిందీ అంతే. ఒక శాతమే వస్తే 650 చేతి నుంచి పడుతుంది. 20-50 నుంచి దిగుతున్నారు కాబట్టి రెండు కన్నా కాస్త ఎక్కువే రావొచ్చనుకున్నా, మీ షాపతను చెప్పిన రెండు మూడు కిలోమీటర్లంటే 12 నుంచి 18 శాతం. ఆయిల్ మారిస్తే అంత వచ్చేటట్టయితే కార్ల కంపెనీలే ఊరూరా డప్పు కొట్టించేవి.

నాకు నిజంగా మిగిలింది వేరేచోట. బాబాయ్ డ్రమ్ము ఆయిల్‌ని ప్రతి 5,000కీ మార్చేవాడు. ఆయిల్ 1,300, ఫిల్టర్ 150, కూలి 200, రెండుసార్లకి 3,300. సింథటిక్ 10,000కి ఒకసారి, అన్నీ కలిపి 2,950. చిన్న మొత్తమే, కానీ బంకులో ఆటోకట్‌ని నమ్ముకోనక్కర్లేదు, కాగితం మీద కనపడుతుంది. పైగా వేడికి త్వరగా చెడదు, అడుగున మడ్డి తక్కువ కడుతుంది. బెంజ్ సర్కిల్ సిగ్నళ్ల దగ్గర ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చునే నాలాంటివాళ్లకి అది పనికొస్తుంది. అయితే సింథటిక్ కదా అని 15,000, 20,000 దాకా లాగొద్దు. మాన్యువల్‌లో ఎన్ని కిలోమీటర్లుంటే అన్ని, లేదా ఏడాది, ఏది ముందొస్తే అది.

డబ్బా మీద ‘ఫుల్లీ సింథటిక్’ అని ఉన్నవన్నీ ఒకటి కాదు. చాలావరకు ముడిచమురునే గట్టిగా శుద్ధి చేసిన గ్రూప్ 3 రకం. రసాయనికంగా తయారుచేసిన పీఏఓ రకం ఖరీదు ఎక్కువ. రోజూ ఆఫీసుకెళ్లే కారుకి గ్రూప్ 3 చాలు. మీరు చూడాల్సింది గ్రేడు, దాని పక్కన ఏపీఐ ఎస్ఎన్ లేదా ఎస్పీ అనే నాణ్యత ముద్ర.

బైకు కూడా ఉంటే కారు ఆయిల్ మిగిలింది కదా అని అందులో పోయకండి. మా బావమరిది పోశాడు, వారంలో క్లచ్ జారడం మొదలైంది. గేరు బైకులకి పోసే డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బైకు ఆయిల్‌కి ఇచ్చే జపాన్ ప్రమాణం) అని రాసి ఉండాలి.

కొనేటప్పుడు సీలున్న డబ్బా మీ ఎదురుగానే విప్పించండి. పని అయ్యాక ఖాళీ డబ్బాకి స్క్రూడ్రైవర్‌తో రెండు బొక్కలు పొడిపించి ఇంటికి తెచ్చుకోండి, మంచి డబ్బాల్లో లూజు ఆయిల్ నింపి అమ్మేవాళ్లకి అది పనికిరాకుండా. మొన్న నేనలా పొడుస్తుంటే బాబాయ్ చూసి ‘నా మీద కూడా నమ్మకం లేదా ఏందిరా’ అన్నాడు. నీ మీద ఉంది బాబాయ్, బయట డబ్బాలు కొనుక్కునేవాడి మీద లేదు అన్నాను.

మీ మాన్యువల్‌లో ఏ గ్రేడు ఉందో, ఇప్పుడు ఏది పోయిస్తున్నారో ఇక్కడే రాయండి. మీ కిలోమీటర్లకి లెక్క వేసి చెప్తాను.