ఎక్స్‌రేలో మచ్చ ఉందని నాన్నగారికి ఎవరూ చెప్పలేదు: న్యూజెర్సీలో కేసు నిలబడుతుందా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. దగ్గు తగ్గడం లేదని తీసిన ఛాతీ ఎక్స్‌రేలో 1.8 సెంటీమీటర్ల మచ్చ ఉందని, సీటీ స్కాన్ చేయించాలని రేడియాలజిస్టు (ఎక్స్‌రేలు, స్కాన్లు చదివే వైద్యుడు) రిపోర్టులో రాశారు. ఆ సంగతి మీ నాన్నగారికి ఎవరూ చెప్పలేదు. ఏడాదిన్నర తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో దశలో బయటపడింది. పోయిన మార్చిలో ఆయన చనిపోయారు. కేసు వేయవచ్చా, వేస్తే అమ్మను కోర్టు చుట్టూ తిప్పుతారా అన్నది మీ ప్రశ్న.

నేను లాయరును కాను. మా బావగారు పెద్దపేగు క్యాన్సర్‌తో పోయినప్పుడు ఇదే రాష్ట్రంలో అక్క తరఫున కాగితాలన్నీ చూసుకున్నవాణ్ని. వరసగా మూడు వార్షిక పరీక్షల్లో ఆయన హిమోగ్లోబిన్ 14.2 నుంచి 12.5కి, అక్కడి నుంచి 10.8కి పడిపోయింది. ప్రతిసారీ ఐరన్ మాత్రలు రాసి పంపారు. నడివయసు మగవాడి ఒంట్లో ఇనుము తరిగిపోతోందంటే రక్తం ఎక్కడో కారుతోందని, ముందు పేగు చూడాలని వైద్య విద్యార్థికి కూడా నేర్పుతారు. కేసు రాజీతో ముగిసింది. ఎంతకు ముగిసిందో బయటపెట్టకూడదని ఒప్పందంలో ఉంది కాబట్టి ఆ అంకె మాత్రం అడగకండి.

ముందు గడువు సంగతి చూసుకోండి. న్యూజెర్సీలో మరణానికి పరిహారం కోరే దావా చనిపోయిన రోజు నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. ఆయన బతికుండగా అనుభవించిన బాధకు, ఖర్చుకు వేసేది వేరే దావా. దాన్ని సర్వైవల్ యాక్షన్ అంటారు. ఆ గడియారం పొరపాటు మీకు తెలిసిన రోజునే తిరగడం మొదలైందని ఎదుటి పక్షం వాదించగలదు. కాబట్టి పాత ఎక్స్‌రే రిపోర్టు మీ కంటపడిన తేదీ నుంచే లెక్క పెట్టుకోండి. ఆసుపత్రి కౌంటీదో, రాష్ట్ర ప్రభుత్వానిదో అయితే 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది దాటిపోతే ఏడాదిలోపు కోర్టును అనుమతి అడగవచ్చు గానీ, అసాధారణ కారణం చూపిస్తే తప్ప ఇవ్వరు. ఈ పేరా చదివి ఆపేసి లాయరుకు ఫోను చేసినా నాకు అభ్యంతరం లేదు.

ఇక అసలు విషయం. డాక్టరు తప్పు చేశాడని నిరూపిస్తే గెలిచినట్టేనని అందరూ అనుకుంటారు. మీ కేసులో తప్పు కాగితం మీదే ఉంది, అది తేలిక భాగం. 1987లో జెనాఫ్ వర్సెస్ గ్లీసన్ కేసులో న్యూజెర్సీ అప్పీలు కోర్టు ఎక్స్‌రేలో అసాధారణమైనది కనిపిస్తే దాన్ని సంబంధిత వైద్యుడికి తెలియజేయడం కూడా, కనిపెట్టడంతో సమానమైన బాధ్యతేనని చెప్పింది. కాబట్టి ఎక్స్‌రే తీయించమన్న డాక్టరు మీద, బహుశా రేడియాలజిస్టు మీద కూడా వాదన ఉంటుంది. యుద్ధమంతా ఆ తర్వాతి ప్రశ్న మీద జరుగుతుంది: ఆ రోజే చెప్పి ఉంటే ఏం మారేది?

మా కేసులో ఎదుటి పక్షం తెచ్చిన నిపుణుడు నిర్లక్ష్యం గురించి పెద్దగా మాట్లాడనే లేదు. కణితి ఎంత వేగంగా పెరుగుతుందో లెక్కలు వేసి, మొదటి రక్తపరీక్ష నాటికే అది కాలేయానికి పాకి ఉంటుందని, అప్పుడు పట్టుకున్నా ఫలితం ఇదేనని వాదించాడు. మా తరఫు క్యాన్సర్ వైద్యుడు అవే లెక్కలు వెనక్కి నడిపించాడు. పెద్దపేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న గడ్డ (పాలిప్) క్యాన్సర్‌గా మారడానికే సాధారణంగా పదేళ్లు పడుతుందని, మొదటి పరీక్ష నాటికి అది పేగు గోడ దాటలేదనడానికే ఎక్కువ ఆధారం ఉందని చెప్పాడు. ఒక మనిషి బతుకు మీద ఇద్దరు నిపుణులు గుణకారాలు, భాగహారాలు చేస్తుంటే వినడం ఎలా ఉంటుందో నేను చెప్పను. మీరూ వినబోతున్నారు.

ఈ విషయంలో మీ దగ్గర మాకన్నా బలమైన ఆధారం ఉంది. మాకు ఆ కాలం నాటి చిత్రమేదీ లేదు, రక్తపరీక్షలు తప్ప. మీకు మచ్చ కొలతతో సహా ఉంది. ఊపిరితిత్తిలో కణితి 3 సెంటీమీటర్ల లోపు ఉండి, లింఫ్ గ్రంథులకు గాని, మరే అవయవానికి గాని పాకకపోతే మొదటి దశ కింద లెక్క. అది శస్త్రచికిత్సకు అందే దశ. అప్పుడు పాకలేదనడానికి ఖచ్చితమైన రుజువు ఉండదు నిజమే. కానీ ఆ రుజువు లేకపోవడానికి కారణం ఆ సీటీ తీయించకపోవడమే కదా!

చట్టం కూడా ఇక్కడ కొంత దయగా ఉంది. టెక్సస్ సుప్రీంకోర్టు 1993లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఆలస్యంగా తేలిన క్రేమర్ కేసులో, ముందే పట్టుకుంటే బతికే అవకాశం సగానికి మించి ఉండేదని చూపకపోతే పరిహారం లేదని తేల్చేసింది. న్యూజెర్సీ దారి వేరు. ఆలస్యం వల్ల ముప్పు పెరిగిందని, ఆ పెరిగిన ముప్పు మరణానికి గణనీయమైన కారణమని మీరు చూపాలి. జబ్బు వల్ల ఎలాగూ జరిగేది ఎంత, ఆలస్యం వల్ల జరిగింది ఎంత అని విడదీసి చూపే బరువు అప్పుడు డాక్టరు మీద పడుతుంది. 1990 నాటి స్కఫీడీ తీర్పు నుంచి ఇది స్థిరపడింది. జ్యూరీ శాతాలు వేస్తుంది, పరిహారం ఆ శాతం మేరకే వస్తుంది.

కాగితాల విషయంలో రిపోర్టులతో సరిపెట్టుకోకండి. ఎక్స్‌రే అసలు చిత్రాన్ని సీడీలో తీసుకోండి, దాన్ని మళ్లీ కొలుస్తారు. ఫెడరల్ చట్టం ప్రకారం అడిగిన 30 రోజుల్లో ఇవ్వాలి, మరో 30 రోజులు మాత్రమే పొడిగించుకోగలరు. పరీక్ష కోసం కణితి నుంచి తీసిన బయాప్సీ ముక్కను మైనంలో పోసి ఉంచిన దిమ్మెను ల్యాబులు కనీసం 2 ఏళ్లు దాచాలి, ఆ తర్వాత పారేసే ప్రమాదం ఉంది. దాన్ని భద్రపరచమని ఇప్పుడే రాతపూర్వకంగా కోరండి. ఆ రిపోర్టును కంప్యూటర్‌లో ఎవరు ఎప్పుడు తెరిచారో చూపే చిట్టా కూడా ఉంటుంది. అది సాధారణంగా దావా వేశాకే లాయరు ద్వారా వస్తుంది. మా బావగారి రెండో రక్తపరీక్షను ఒక సాయంత్రం తెరిచి, నిమిషం తిరగకుండానే ‘చూశాను’ అని నొక్కి మూసేసినట్టు అందులో ఉంది. నా అంచనా, ఎదుటివారు రాజీ మాట ఎత్తింది ఆ ఒక్క వరస చూశాకే.

వీలునామా లేకపోతే కొడుకైనంత మాత్రాన దావా వేయలేరు. చనిపోయినవారి ఆస్తి వ్యవహారాలు చూసే కౌంటీ సరోగేట్ కోర్టు నుంచి దావా వేసే అధికారం పొందాలి. తర్వాత డాక్టరు జవాబు దాఖలు చేసిన 60 రోజుల్లో, అదే వైద్య విభాగానికి చెందిన మరో వైద్యుడి ప్రమాణపత్రం ఇవ్వాలి. మరో 60 రోజులు పొడిగింపు దొరుకుతుంది. అదీ దాటితే కేసు కొట్టేస్తారు, మళ్లీ వేయడానికి వీలుండదు.

డబ్బు గురించి నిర్మొహమాటంగా చెబుతాను. మీ దుఃఖానికి న్యూజెర్సీ చట్టం వెల కట్టదు. ఆయన పోవడం వల్ల కుటుంబానికి కలిగిన ఆర్థిక నష్టానికే కడుతుంది. 1980 నాటి గ్రీన్ తీర్పు తర్వాత సలహాకు, తోడుకు కూడా డబ్బు విలువ ఉందని ఒప్పుకుంటారు గానీ, రిటైరైన మనిషి విషయంలో లెక్క చిన్నదిగానే వస్తుంది. అందుకే సర్వైవల్ దావా ముఖ్యం. లాభాపేక్ష లేని ఆసుపత్రి అయితే దాని బాధ్యత 250,000 డాలర్ల దగ్గర ఆగిపోతుంది, డాక్టర్లకు వ్యక్తిగతంగా ఆ పరిమితి వర్తించదు. లాయరు ఫీజు మొదటి 750,000 డాలర్లలో మూడో వంతుకు మించకూడదు, నిపుణుల ఖర్చు దీనికి వేరు. ఆ ఖర్చుకు భయపడి కొందరు లాయర్లు మీ కేసు తీసుకోరు. వద్దన్నారంటే కేసులో పస లేదని అర్థం కాదు, వారికి గిట్టుబాటు కాదని. ఇంకొకరిని అడగండి.

అమ్మగారి సంగతి. కోర్టుకు వెళ్లాల్సి రాకపోవచ్చు, చాలా కేసులు అక్కడిదాకా వెళ్లవు. కానీ లాయరు గదిలో ప్రమాణం చేసి వాంగ్మూలం ఇవ్వాల్సి రావచ్చు. అక్కను గంటల తరబడి అడిగిన ప్రశ్నలు ఇవి: ఆయన ఎప్పుడైనా రక్తం చూశారా, మీకు చెప్పారా, డాక్టరు రమ్మన్నప్పుడు మానేశారా, ఫలితాలు ఆన్‌లైన్లో ఉంటే మీరెందుకు చూడలేదు? చివరిదానికి అక్క ఏడ్చేసింది. తప్పు రోగి మీదికి నెట్టడానికి అలా అడుగుతారు. మీ నాన్నగారు సిగరెట్లు తాగేవారైతే అదీ అడుగుతారు. అమ్మకు ఇంగ్లీషు వచ్చినా సరే, తెలుగు దుబాసీ కావాలని లాయరుకు ముందే చెప్పండి. ప్రశ్న రెండుసార్లు వినడం వల్ల ఆలోచించుకోవడానికి ఆమెకు కాస్త సమయం దొరుకుతుంది.