తెల్లారేసరికి కల నిజమైతే అది అతీత శక్తికి రుజువా?

ప్రశ్న: పన్నెండేళ్లుగా మాటల్లేని స్నేహితుడు కలలోకి వచ్చాడు. తెల్లారేసరికి అతని నుంచే ఫోన్! ఇలాంటివి అతీత శక్తులు ఉన్నాయనడానికి రుజువు కాదా?

కాదనే నా అభిప్రాయం. కానీ మిమ్మల్ని తేలిగ్గా తీసిపారేయలేను, ఎందుకంటే ఏడేళ్లపాటు ఇలాంటి కథే చెప్పుకుంటూ తిరిగినవాణ్ణి.

చిన్నప్పుడు నాకు పాఠం చెప్పిన మాస్టారు ఒక రాత్రి కలలో కనిపించారు. ఏమీ మాట్లాడలేదు, గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయారు. పొద్దున్నే ఆయన పోయారని కబురు. "సరిగ్గా ప్రాణం పోయే వేళకే నాకు కనిపించారు" అని చెబుతుంటే వినేవాళ్లకు ఒళ్లు జలదరించేది. చెప్పే నాకూ జలదరించేదనుకోండి.

తర్వాతెప్పుడో ఏదో వెతుకుతుంటే, ఆ రోజుల్లో మా అన్నయ్యకు రాసిన మెయిల్ బయటపడింది. దాని ప్రకారం కల వచ్చింది కబురు తెలియడానికి మూడు రోజుల ముందు. పైగా "మాస్టారో, ఆయన తమ్ముడో, సరిగ్గా గుర్తులేదు" అని నేనే రాశాను. అంతకు ముందు వారం అన్నయ్య రాసిన మెయిల్‌లో "మాస్టారికి ఒంట్లో బాగోలేదట, ఆస్పత్రిలో చేర్చారట" అని ఉంది. అంటే ఆయన కలలోకి రావడానికి కారణం నా బుర్రలోనే ఉంది! ఆ ముక్క నా కథలోంచి ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియదు. కావాలని అబద్ధం చెప్పలేదు. చెప్పిన ప్రతిసారీ కథ కాస్త కాస్త నునుపుదేలింది.

ఇక లెక్క సంగతి. ఇలా కల కలిసిరావడం పది వేల రాత్రుల్లో ఒక్కసారే జరుగుతుందని అనుకుందాం. అంటే ఒక మనిషికి 27 ఏళ్లకోసారి. కానీ కోటి మంది ఉన్నచోట రోజూ వెయ్యి మందికి జరగాలి. ఆ వెయ్యి మందీ మీలాగే ఆశ్చర్యపోతారు. మిగిలిన తొంభై తొమ్మిది లక్షల చిల్లర మంది "నిన్న నాకు కలొచ్చింది, ఏమీ జరగలేదు" అని ఎవరికీ చెప్పరు.

లూయిస్ అల్వారెజ్ అనే భౌతిక శాస్త్రవేత్తకు (1968లో నోబెల్ వచ్చింది) ఇలాంటిదే జరిగింది. పేపరు చదువుతుంటే ఏదో మాట తగిలి, ఎప్పుడో కాలేజీ రోజుల్లో తెలిసిన మనిషి గుర్తొచ్చాడు. కొద్ది నిమిషాల్లోనే అదే పేపర్లో ఆ మనిషి మరణవార్త కనిపించింది. ఆయన ఊరుకోకుండా లెక్క కట్టి, 1965లో సైన్స్ పత్రికకు లేఖ రాశారు. అమెరికాలో ఇలాంటివి రోజుకు సుమారు పది జరగాలని తేలింది.

మన భాషలో దీనికి మంచి మాటే ఉంది, కాకతాళీయం. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరిగాయి. కాకి బరువుకే పండు రాలిందనిపిస్తుంది. కాకి వాలకుండా రాలిన పళ్లను, పండు రాలకుండా వాలిన కాకులను ఎవరూ లెక్కపెట్టలేదు.

దేవుడు లేడనో, అతీతమైనదేదీ లేదనో నేను అనడం లేదు. ఆ చర్చ వేరు. జరిగిపోయాక ఏరుకున్న సంఘటన మాత్రం రుజువుగా నిలబడదు. ముందే "రేపు ఫలానా వాడు ఫోన్ చేస్తాడు" అని తేదీ వేసి రాసి, తప్పినవాటిని కూడా లెక్కలో పెట్టి, అప్పటికీ ఎక్కువసార్లు నిజమవుతుంటే నేనే ముందు నోరు తెరిచి చూస్తాను. మెయిల్ దొరికాక ఆరు నెలలు నేనూ ఆ పని చేశాను. తెలిసినవాళ్లు కనిపించిన కలలు నలభై ఒకటి రాసుకుంటే, మర్నాడు ఫోన్ చేసింది ఇద్దరు. అందులో ఒకరు మా అక్క, ఆవిడ ఎలాగూ రెండు రోజులకోసారి చేస్తుంది.

ఇంతకీ ఇన్నేళ్ల తర్వాత ఎందుకు గుర్తొచ్చానని మీ స్నేహితుణ్ణి అడిగారా? ఇద్దరికీ తెలిసినవాళ్లెవరైనా ఈమధ్య పాత ఫొటో లాంటిదేమైనా పంపారేమో ఒకసారి చూడండి.