రెండు యార్డుల పరుగులు చూడమ్మా

ఆల్ఫారెట్టా, జార్జియా
జులై 22

అమ్మలూ,

నీ మెయిల్ నిన్న రాత్రి చదివాను. మీ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ రిక్రూటింగ్ ఆఫీసులో (కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) స్టూడెంట్ అసిస్టెంట్‌గా చేరావని మీ అమ్మ ముందే చెప్పింది. కొత్తగా వస్తున్న ముగ్గురు ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) రన్నింగ్ బ్యాక్‌ల మీద, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్ల మీద, ఆగస్టు క్యాంపులో నిన్ను రిపోర్టు రాయమన్నారంటే, నీ చూపు మీద వాళ్లకి గురి కుదిరినట్టే. చాలా సంతోషం వేసింది. "ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు మావయ్యా, టెన్షన్‌గా ఉంది" అన్నావు. పద్దెనిమిదేళ్లు హైస్కూల్లో లెక్కలు చెబుతూ, శుక్రవారం రాత్రులు మా స్కూలు టీముకి స్టాట్స్ రాశాను. రిటైరయ్యాక ఆరేళ్లు ఒక కాలేజీ టీముకి ఫిల్మ్ చూసి రిపోర్టులు రాసిపెట్టాను. అందులో నాకు పనికొచ్చినవి, నేను పొరపాటు పడ్డవి, రెండూ చెబుతాను.

ముందు ఆ ముగ్గురి పేర్ల పక్కన రేటింగ్ వెబ్‌సైట్లు పెట్టిన స్టార్లని (అన్నిటికన్నా ఎక్కువ ఐదు) మర్చిపో. అవి అబద్ధమని కాదు. ఐదు స్టార్ల పిల్లల్లో బాగా ఆడేవాళ్లు ఎక్కువే. కానీ ఆ స్టార్లు ఇంకొకరి కళ్లు చూసి ఇచ్చినవి. నిన్ను అడిగింది నీ కళ్లు చూసినదాని గురించి. జొనాథన్ టేలర్ విస్కాన్సిన్‌లో చేరినప్పుడు అతనికి మూడు స్టార్లే. 2017లో, తొలి ఏడాదే, 1,977 యార్డులు పరుగెత్తాడు. 2004లో ఓక్లహోమా తరఫున ఏడ్రియన్ పీటర్సన్ నెలకొల్పిన 1,925 యార్డుల ఫ్రెష్‌మన్ రికార్డు అలా చెరిగిపోయింది.

హైలైట్ వీడియోలు కూడా పక్కన పెట్టు. అవి పెళ్లిసంబంధానికి పంపే ఫొటోల్లాంటివి. ఫొటోలో ఉన్నది ఆ పిల్లే, కానీ ఇంట్లో రోజూ ఎలా ఉంటుందో ఫొటో చెప్పదు. పూర్తి ఆటల ఫిల్మ్ అడుగు. అందులోనూ వాళ్ల స్కూలు ఓడిపోయిన ఆట, వాళ్లు ఎదుర్కొన్న గట్టి టీముతో ఆడిన ఆట ముందు చూడు. బంతి పట్టుకున్న ప్రతిసారీ రెండు అంకెలు రాసుకో. ఎదుటివాడి చెయ్యి మొదటిసారి తగిలేలోపు ఎన్ని యార్డులు వెళ్లాడు? తగిలాక ఎన్ని వెళ్లాడు?

అప్పుడు నీకు రెండు యార్డుల పరుగులు కనిపించడం మొదలవుతుంది. నేను నీకు చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. ఎనభై యార్డుల పరుగుని స్టేడియం అంతా చూస్తుంది. చాలాసార్లు అందులో ముందుండి దారి చేసే ఐదుగురు లైన్‌మెన్ తలుపులు బార్లా తెరిచి ఉంటారు. కుర్రాడు ఆ తలుపులోంచి దూరి, తనకన్నా నిదానంగా పరుగెత్తే పదహారేళ్ల పిల్లల్ని దాటేసి ఉంటాడు. రెండు యార్డుల పరుగు అలాంటిది కాదు. గార్డు (మన లైన్‌మన్) ఓడిపోయాడు, ఎదుటి టాకిల్ (అవతలి లైన్‌మన్) అప్పటికే లోపలికి వచ్చేశాడు, బంతి చేతికి అందేసరికి మీద ఒక మనిషి ఉన్నాడు. మూడు యార్డులు నష్టపోవాల్సిన చోట ఆ పిల్లాడు భుజం వంచి, పక్కకి అరడుగు జరిగి, ముందుకి పడి రెండు తెచ్చాడు. స్టాట్స్ పుస్తకంలో అది 2. నీ పుస్తకంలో 5 అని రాసుకో. కాలేజీలో అలాంటి పరుగులే ఎక్కువ, ఎందుకంటే అవతలివైపు కూడా అందరూ తమ తమ స్కూళ్లలో మొనగాళ్లే.

ఇది నేను తెలివితో కనిపెట్టింది కాదు, దెబ్బతిని నేర్చుకున్నది. దక్షిణ జార్జియాలో ఒక చిన్న స్కూలు నుంచి వచ్చిన కుర్రాడి ఫిల్మ్ చూసి, "మొదటి ఏడాదే ఆడిస్తాం" అని ధైర్యంగా రాశాను. అతని పరుగులు అంత అందంగా ఉండేవి. అక్టోబరు వచ్చేసరికి ఆటకి మూడు నాలుగుసార్లకి మించి అతని చేతికి బంతి ఇవ్వడం లేదు. నాకు నిద్ర పట్టలేదు. పాత ఫిల్మ్ మళ్లీ మొదటి నుంచి చూశాను. ప్రతిసారీ లోపల కొంచెం ఇరుకు కనిపిస్తే చాలు, బయటికి, గీత వైపు పరుగు తీసేవాడు. హైస్కూల్లో అది చెల్లింది. కాలేజీలో లైన్‌బ్యాకర్లు (ఎదుటి లైన్ వెనక నిలబడి పరుగుని ఆపేవాళ్లు) అతనికన్నా ముందే అక్కడికి చేరుకున్నారు. పైగా మైదానమే మారిపోతుంది. మన దగ్గర హైస్కూల్లో రెండు హ్యాష్ గీతల (ప్రతి ఆటకీ బంతిని వీటి మీదో, మధ్యనో పెడతారు) మధ్య దూరం 53 అడుగుల 4 అంగుళాలు, కాలేజీలో 40 అడుగులే. ఎడమ హ్యాష్ మీద బంతి పెడితే హైస్కూల్లో కుడివైపు దాదాపు 107 అడుగుల ఖాళీ ఉంటుంది. కాలేజీలో అది 100 అడుగులే. ఏడడుగులు తక్కువేమీ కాదు. ఇదంతా మొదటిసారి చూసినప్పుడూ నా కళ్ల ముందే ఉంది. నేను పొడుగు పరుగులే చూస్తూ కూర్చున్నాను. నా మాట నమ్మి ఆ కుర్రాడి మీద అందరూ పెట్టుకున్న ఆశ అతనికే బరువైంది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

క్యాంపులో ఇన్‌సైడ్ జోన్ (లైన్ మధ్యలోంచి దారి వెతుక్కుని పరుగెత్తే ఆట) ఆడించేటప్పుడు బంతిని చూడకు. కుర్రాడి కళ్లు, పాదాలు చూడు. ఆ ఆటలో దారి ముందే తెరిచి ఉండదు. అతను ఒకవైపు ఓపిగ్గా అడుగులు వేస్తూ లైన్‌బ్యాకర్‌ని అటు లాగాలి. వాడు కదిలిన క్షణంలో పాదం నేలలో నాటి, ఒక్క కట్‌తో ఇటు తిరగాలి. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది తొందరపడి సొంత గార్డు వీపుకే గుద్దుకుంటారు. కొందరు మూడు నాలుగుసార్లు కాళ్లు ఆడిస్తారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఈలోపు దారి మూసుకుపోతుంది. మా చిన్నప్పుడు బాపట్ల దగ్గర మా ఊళ్లో కబడ్డీ ఆడేటప్పుడు మంచి ఆటగాడు కూతకెళ్తే ఎదుటివాళ్ల మొహాలు చూసేవాడు కాదు. కాళ్లు చూసేవాడు. బరువు ఏ కాలు మీద ఉందో కనిపెట్టి, రెండో వైపు తాకి వచ్చేవాడు. ఇక్కడ కూడా నేను వెతికేది ఆ చూపే. మొదటి వారంలో తొందర ఉంటే ఫర్వాలేదు. రెండో వారంలో తగ్గిందా లేదా అన్నది రాయి.

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునే పని గురించి చెబుతాను. దీని దగ్గర ఎక్కువసేపు నిలబడు. పాస్ ప్రొటెక్షన్, అంటే పాస్ వేసే క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాళ్లని అడ్డుకోవడం. హైస్కూల్లో స్టార్ అయిన పిల్లాడికి బ్లాక్ చెయ్యాల్సిన అవసరం పెద్దగా రాదు, బంతి ఎప్పుడూ అతని చేతిలోనే ఉంటుంది కదా. కాలేజీలో థర్డ్ డౌన్ (పది యార్డులు సాధించడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) వచ్చి, క్వార్టర్‌బ్యాక్ పాస్ వెయ్యబోతుంటే, బ్లిట్జ్‌కి, అంటే అతని మీదికి, దూసుకొచ్చే 230 పౌండ్ల లైన్‌బ్యాకర్‌ని ఆపాల్సింది ఇతనే. ఆపలేకపోతే క్వార్టర్‌బ్యాక్ వెన్ను విరుగుతుంది, ఆ సీజన్ అక్కడితో సరి. అందుకే ఎంత బాగా పరుగెత్తినా, ఎవరిని ఆపాలో తెలియని ఫ్రెష్‌మన్‌ని కోచ్ పక్కన కూర్చోబెడతాడు.

ఒక ఆగస్టు మధ్యాహ్నం చూసింది చెబుతాను. మొదటి రోజుల్లో హెల్మెట్లే, తర్వాత షోల్డర్ ప్యాడ్స్, అవి అలవాటయ్యాకే పూర్తి ప్యాడ్స్ వేయిస్తారు. ఆ రోజు పూర్తి ప్యాడ్స్‌తో మొదటి రోజు. క్వార్టర్‌బ్యాక్ ఉండే చోట ఒక డమ్మీ పెట్టి, ఒక్కో రన్నింగ్ బ్యాక్ మీదికి ఒక్కో లైన్‌బ్యాకర్‌ని వదులుతున్నారు. 190 పౌండ్ల ఫ్రెష్‌మన్ ఒకడు వరసగా మూడుసార్లు వెల్లకిలా పడ్డాడు. మూడుసార్లూ తల దించి గుద్దబోయాడు. ఎదుటివాడు పక్కకి జరిగితే ఏమీ కనిపించదు కదా మరి. నీళ్లు తాగడానికి ఆపినప్పుడు మిగతావాళ్లు నీడలోకి వెళ్లారు. ఇతను మాత్రం ఒక సీనియర్ దగ్గరికి వెళ్లి, తన రెండు అరచేతులూ అతని ఛాతీ ప్యాడ్ మీద ఆనించి, "ఇక్కడా? ఇంకా కిందా?" అని అడిగాడు. సీనియర్ ఆ చేతుల్ని పట్టుకుని రెండంగుళాలు లోపలికి జరిపాడు. నాలుగోసారి ఆ పిల్లాడు మోకాళ్లు వంచి, తల పైకెత్తి, చేతులు లోపల పెట్టి వెనక్కి జరుగుతూనే నిలబడ్డాడు. గెలవలేదు, కానీ పడలేదు. నా నోట్‌బుక్‌లో ఆ రోజు అతని పేరు పక్కన ఒక్క మాటే రాశాను: "అడుగుతున్నాడు." మూడో ఏడాదికి థర్డ్ డౌన్‌లో అతన్ని బయటికి పిలిచే అవసరమే రాలేదు. నా ఆరేళ్ల రిపోర్టుల్లో నాకు బాగా ఇష్టమైన మాట అది.

బంతి జారవిడవడం గురించి తేలిగ్గానే తెలుస్తుంది. వేళ్లు, అరచెయ్యి, ముంజెయ్యి, కండ, ఛాతీ, ఈ ఐదుచోట్లా బంతి ఆనాలని కోచ్‌లు చెబుతారు. ప్రాక్టీసు మొదట్లో అందరూ అలాగే పట్టుకుంటారు. చివరి పది నిమిషాల్లో, ఒళ్లు అలిసిపోయాక, ఎవరి మోచెయ్యి ఊగుతోందో చూడు. పాస్ అందుకునేటప్పుడు చేతుల్తో పడుతున్నాడా, పొట్టకి అదుముకుంటున్నాడా అన్నది కూడా ఒక గీత గీసి పెట్టుకో.

వేగం గురించి ఎవరు ఏ అంకె చెప్పినా, ఎలా కొలిచారో అడుగు. చేతి స్టాప్‌వాచ్‌కీ ఎలక్ట్రానిక్ టైమింగ్‌కీ సుమారు పావు సెకను తేడా వస్తుంది. 40 యార్డుల పరుగులో పావు సెకనంటే ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. కుర్రాడు స్కూల్లో ట్రాక్ పరుగెత్తి ఉంటే, గాలి వేగం కూడా నమోదు చేసిన 100 మీటర్ల టైము చూడు. దాన్ని నమ్మొచ్చు.

రిపోర్టులో ప్రతి పిల్లాడికీ రెండు వేర్వేరు పేజీలు పెట్టు: ఈ ఏడాది ఏం చెయ్యగలడు, మూడో ఏడాదికి ఏమవగలడు. ఈ రెంటినీ కలిపేస్తే పప్పులో కాలేసినట్టే. 1980లో మా రాష్ట్రంలోని రైట్స్‌విల్ అనే చిన్న ఊరి నుంచి హెర్షెల్ వాకర్ జార్జియా యూనివర్సిటీకి వచ్చాడు. నాక్స్‌విల్‌లో టెనెసీతో మొదటి ఆట మొదలయ్యేసరికి అతను మూడో వరుసలో ఉన్నాడు. ఆ రాత్రి అడ్డొచ్చినవాళ్లని తొక్కుకుంటూ వెళ్లి ఆట గెలిపించాడు. ఆ ఏడాది 1,616 యార్డులు, టీముకి జాతీయ ఛాంపియన్‌షిప్. మార్షల్ ఫాక్‌ని చాలా కాలేజీలు డిఫెన్స్‌లో ఆడమన్నాయి. రన్నింగ్ బ్యాక్‌గా తీసుకుంటామన్న శాన్ డియాగో స్టేట్‌కి వెళ్లి, 1991లో తన రెండో ఆటలోనే 386 యార్డులు, ఏడు టచ్‌డౌన్లు చేశాడు. ఇటువైపు చూడు: బ్యారీ శాండర్స్ ఓక్లహోమా స్టేట్‌లో రెండేళ్లు థర్మన్ థామస్ వెనక నిలబడ్డాడు. మూడో ఏడాది, 1988లో, 2,628 యార్డులు. క్రిస్టియన్ మెకాఫ్రీకి స్టాన్‌ఫర్డ్‌లో మొదటి ఏడాది 42 సార్లే బంతి ఇచ్చారు, 300 యార్డులు వచ్చాయి. మరుసటి ఏడాది అతను అన్నిరకాలా కలిపి చేసిన 3,864 యార్డులు శాండర్స్ రికార్డునే దాటాయి. డెరిక్ హెన్రీ హైస్కూల్లో 12,124 యార్డుల జాతీయ రికార్డుతో వచ్చినా, అలబామాలో తొలి ఏడాది అతని చేతికి బంతి వచ్చింది 35 సార్లే. రెండేళ్ల తర్వాత, ఏటా కాలేజీ ఆటగాళ్లలో మేటికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనిదే.

ఈ రెండో పేజీకి ఇప్పుడు విలువ ఇంకా పెరిగింది. కాలేజీ ఆటగాళ్లకి చెల్లింపుల మీద నడిచిన హౌస్ కేసు రాజీ తర్వాత, 2025 నుంచి, ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలు టీములో 105 మందికి మించి ఉంచుకోకూడదు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలో) ఇరవై రెండేళ్ల తయారైన ఆటగాడు దొరుకుతుంటే, నెమ్మదిగా ఎదిగే పద్దెనిమిదేళ్ల పిల్లాడి కోసం ఆగే ఓపిక ఎవరికి ఉంటుంది? నువ్వు ఆ పిల్లాడిలో ఏదైనా చూస్తే గట్టిగా రాయి. 2018లో మార్చిన నియమంతో, నాలుగు ఆటల వరకు ఆడించినా అతని ఏడాది ఖర్చు కాకుండా రెడ్‌షర్ట్ (ఆడే అర్హత ఉన్న ఏళ్లలో ఆ ఏడాదిని లెక్కించకపోవడం) ఇచ్చే వీలొచ్చింది. ఆ నాలుగు ఆటలు ఏవైతే బాగుంటుందో కూడా నీ అభిప్రాయం చెప్పు. నియమాలు తరచూ మారుతున్నాయి కాబట్టి రాసేముందు నియమాలు చూసుకునే కంప్లయన్స్ ఆఫీసులో ఒకసారి కనుక్కో.

రాసేటప్పుడు "విజన్ బాగుంది" లాంటి మాటలు వద్దు. మూడో రోజు, ఏ ఆట, ఎటువైపు, లైన్‌బ్యాకర్ ఎటు కదిలాడు, కుర్రాడు ఏం చేశాడు, అది రాయి. ఎవరినీ "ఇంకో ఫలానా" అనకు. "బద్ధకం" అన్న మాట మాత్రం ఎప్పుడూ రాయకు. మొదటిసారి ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు, ఆరో రోజుకి కాళ్లు సీసం పోసినట్టు ఉంటాయి, నిద్ర ఉండదు. నువ్వు రాసిన ఒక్క మాట ఫైల్లో నాలుగేళ్లు ఉండిపోతుంది. నీ పేజీ పూర్తయ్యేదాకా రన్నింగ్ బ్యాక్స్ కోచ్ అభిప్రాయం అడగొద్దు. పూర్తయ్యాక తప్పకుండా అడుగు, ఆయన కాదన్నచోట ఎందుకో తెలుసుకుని పక్కన రాసుకో.

నువ్వెప్పుడూ ఆడలేదు కదా అని ఎవరైనా అంటే కుంగిపోకు తల్లీ. నేనూ ఆడలేదు. ఆడినవాళ్లకే తెలిసే సంగతులు ఉంటాయి, అవి వాళ్లని అడిగే నేర్చుకున్నాను. అడిగితే సంతోషంగా చెబుతారు.

నిలబడే చోటు ఒకటి చెప్పి ముగిస్తాను. అందరూ పక్కగీత దగ్గర నిలబడతారు. నువ్వు కోచ్ అనుమతి తీసుకుని ఆఫెన్స్ (బంతి చేతిలో ఉన్న పక్షం) వెనక, రన్నింగ్ బ్యాక్‌కి పదిహేను ఇరవై యార్డుల దూరంలో నిలబడు. అతనికి కనిపించేదే నీకూ కనిపిస్తుంది. దారి ఎప్పుడు తెరుచుకుందో ముందు నువ్వు చూడు, అతను ఎప్పుడు చూశాడో తర్వాత చూడు. ఆ రెంటికీ మధ్య ఎంత ఆలస్యం ఉందో రోజూ రాసుకో. టోపీ, పెన్సిలు మర్చిపోవద్దు, చెమటకి పెన్ను సిరా అలుక్కుపోతుంది. మొదటి స్క్రిమ్మేజ్ (తమలో తాము ఆడే సాధన ఆట) అయిన రాత్రి ఎంత ఆలస్యమైనా సరే ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమావయ్య